రౌండ్లకు కట్టిన చేనేత చీర

1987లో నేను కొట్టిన బేరం లాంటిది మా వంశంలో ఎవరూ కొట్టలేదు. మహారాష్ట్రలోని షోలాపూర్ భవాని పేటలో, తెలుగు నేతవాళ్లూ బీడీలు చుట్టే ఆడవాళ్లూ కాన్పులకు వచ్చే ఇరవై మంచాల ధర్మాసుపత్రిలో నన్ను మేట్రన్‌ను చేశారు. మేట్రన్ అంటే నర్సులందరి మీద పెద్ద. పని రెట్టింపయింది, జీతం మాత్రం పాతదే. కిరాణా దుకాణంలో తక్కెడ పక్కన పెరిగినదాన్ని, ఊరికే ఒప్పుకుంటానా? జీతం పెంచకపోతే తెల్ల యూనిఫాం మాన్పించాలని, చీర కట్టుకుంటానని కమిటీ సెక్రెటరీ సేటుతో గంటసేపు వాదించి గెలిచాను. ఆయన ముఖం వేలాడేసుకుని ఒప్పుకున్నాడు. మేట్రన్ ఆఫీసు మనిషిలా కనబడాలని ఆయనే ఆర్నెల్లుగా అనుకుంటున్నాడని తర్వాత తెలిసింది. అంటే ఆయన సరుకును నా జీతం పెట్టి నేనే కొన్నానన్నమాట.

మొదటి వారంలోనే విసుగు మొదలైంది. మా వార్డులో పడుకునేవాళ్లు పుట్టినప్పటి నుంచీ నూలు మధ్య బతికినవాళ్లు. రౌండ్‌కు వెళ్లి, అంటే మంచం మంచం దగ్గరా ఆగి చూడటానికి వెళ్లి, నేను నాడి కోసం చెయ్యి చాపితే వాళ్లు నా చెంగు అందుకునేవారు. వేళ్ల మధ్య నలిపి, కిటికీ వెలుతురుకు ఎత్తి చూసేవారు.

"ఏ దుకాన్ల తీస్కున్నవ్ బాయి? ఎంత చెప్పిండు?"

"ముందు చెయ్యి ఇయ్యమ్మా, బీపీ చూడాలె."

"చెయ్యి ఇచ్చిన గదా. ధర చెప్పు."

చెప్పాను. మంచం మీదామె నవ్వు ఆపుకోలేక కుట్లు పట్టుకుంది. "అగ బాయి! మస్తు ముంచిండు నిన్ను!"

ఆ చీర కోసం నేను రెండుసార్లు దుకాణం మెట్లు దిగి, రెండుసార్లు పిలిపించుకుని కొన్నాను. తన బీపీ ఎంతుందో మాత్రం ఆమె అడగలేదు.

ఇంతవరకు నవ్వులాటే. ఆ తర్వాత కుంఠా నాకా పేట నుంచి పద్మ రెండో కాన్పుకు వచ్చింది. ఆమె మగడూ మరిదీ పవర్‌లూమ్ మీద పనిచేసేవాళ్లు. తోడుగా వచ్చిన అత్త రాజవ్వ చిన్నప్పటి నుంచీ చేతి మగ్గాలకు కండెలు చుట్టిన మనిషి. తెల్లవారుజామున మగపిల్లవాడు పుట్టాడు. తొమ్మిదింటికి నేను రౌండ్‌కు వెళ్లాను. ఆరోజు కట్టుకున్నది లేత పసుపు చేనేత చీర, గంజి పెట్టింది.

కాన్పు తర్వాత మొదటి గంటల్లో మేము రెండు పనులు చేసి తీరాలి. ఒకటి ప్యాడ్ కౌంట్, ఎన్ని గుడ్డలు తడిశాయో కళ్లతో చూసి లెక్కపెట్టడం. రెండోది పొట్ట మీద చెయ్యి వేసి ఫండస్, అంటే గర్భసంచి పైభాగం, గట్టిగా ఉందో మెత్తబడిందో చూడటం. మెత్తగా ఉంటే లోపల రక్తం పోతున్నట్టే.

"ఎన్ని గుడ్డలు మార్చిండ్రు రాజవ్వా?"

"ఒక్కటే బాయి, ఒక్కటే." అంటూనే ఆమె కాలితో ఏదో మంచం కిందికి నెట్టింది. వంగి నా కుచ్చిళ్లు రెండు చేతులతో వెనక్కి పట్టింది. "జర దూరం నిలవడు. చీరకు అంటుతది."

మర్యాద చేస్తోందనుకుని నేను మురిసిపోయాను. జానెడు కాదు, రెండు బారల దూరంలో నిలబడి కేస్ పేపర్ మీద 'బ్లీడింగ్ నార్మల్' అని రాసి సంతకం పెట్టాను. పొట్ట మీద చెయ్యి వెయ్యలేదు.

అరగంటకు దుప్పటి మార్చబోయిన స్టాఫ్ నర్సు సునంద అరిచింది. "బాయి, జల్దీ రా!"

పద్మ పెదవులు తెల్లబడ్డాయి, నుదుటి మీద చల్లటి చెమట. మంచం కింద బేసిన్‌లో నాలుగు గుడ్డలు, నాలుగూ తడిసి ముద్దయినవే. దీన్ని మేము పీపీహెచ్ అంటాం. కాన్పు తర్వాత ఆగకుండా పోయే రక్తం, తల్లిని గంటలో తీసుకుపోగలదు. నేను మంచమెక్కి పొట్ట మీద గట్టిగా రుద్దుతుంటే సునంద ఇంజెక్షన్ ఇచ్చి సెలైన్ ఎక్కించింది. మంచం కాళ్లవైపు ఇటుకలు పెట్టి ఎత్తాం. డాక్టరమ్మ రిక్షాలో వచ్చేసరికి రక్తం తగ్గుముఖం పట్టింది. మగ్గాలు ఆపి పరుగెత్తుకొచ్చిన మగడూ మరిదీ చెరో సీసా రక్తం ఇచ్చారు. సాయంత్రానికి పద్మ కళ్లు తెరిచి నీళ్లడిగింది.

అప్పుడు నా కోపమంతా రాజవ్వ మీద పడింది. "ఎందుకు దాచినవ్? పిల్ల సచ్చిపోతుండె, తెల్సా?"

"దాచలే బాయి. నువ్వు పోయినంక సిస్టర్‌కు చూపిద్దామనుకున్న. చేతి మగ్గం చీర, నేసినోళ్ల చెయ్యెట్ల నొస్తదో నాకు ఎర్కలే? దానికి నెత్తురు అంటనిస్తనా?"

"నేను సిస్టర్నే గదనే!"

"నాకెట్ల ఎర్క? లగ్నానికి పోయే చీర కట్టుకొని ఎవరన్న నెత్తురు చూడనొస్తరా? ఆఫీస్ బాయివనుకున్న."

 

కేస్ పేపర్ మీద నా వాక్యం కొట్టెయ్యలేదు. దాని కింద 'చూడకుండా రాశాను' అని రాసి మళ్లీ సంతకం పెట్టాను. మర్నాడు తెల్ల యూనిఫాంలో వచ్చాను.

సేటు కళ్లజోడు సర్దుకున్నాడు. "ఏంది మేట్రన్ బాయి, మళ్ల నర్సు తీరు వచ్చినవ్? చందాలిచ్చేటోళ్లు ఏమనుకుంటరు?"

"చందాలిచ్చేటోళ్లు ఇక్కడ పిల్లల్ని కంటలేరు సేట్‌జీ."

"మన బేరం, మన సౌదా, అయిపాయె గదా!"

"సౌదా వాపస్."

"జీతమైతే పెరగదు."

"ఎప్పుడు పెరిగింది గనుక?"

ఈ గొడవ ఏడాది నడిచింది. ప్రతి మీటింగులో నా బట్టలే మొదటి విషయం, వార్డులో చాలని బేసిన్లు చివరి విషయం. సేటు మాటలో పస లేకపోలేదు. బీడీ కార్ఖానాల వాళ్లూ మున్సిపాలిటీ వాళ్లూ చీర కట్టిన మేట్రన్‌కు కుర్చీ వేసేవారు, తెల్లబట్టల మేట్రన్‌ను నిలబెట్టి మాట్లాడేవారు. అందుకే ఆఫీసు గదిలో మేకుకు ఒక చీర తగిలించి ఉంచాను. మీటింగుకు చీర, మంచాల దగ్గరికి తెలుపు. మనం నోరు తెరవకముందే మన బట్టలు రోగిని ఏదో అడుగుతాయి, రోగి వాటికే జవాబిస్తుంది. ఇరవై ఏళ్ల ఉద్యోగంలో అంతకు మించి నేర్చుకున్నది తక్కువ.

ఇక అసలు బిల్లు, నా చీర ఖరీదు ఎవరెవరు పెట్టారో. రెండు సీసాల రక్తం మగడూ మరిదీ పెట్టారు. పదకొండు రోజులు మంచం మీద పద్మ పెట్టింది. ఆ పదకొండు రోజులూ ఇంట్లో పద్మ పెద్దపిల్ల తల్లి లేకుండా గడిపి పెట్టింది. అంత రక్తం పోయాక పద్మకు పాలు పడలేదు. పక్కింటి బాలింత తన బిడ్డ వాటాలోంచి పెట్టింది. ఆ ఇంటి గిన్నెలు తోమి, నీళ్లు మోసి, నాలుగు నెలలపాటు రాజవ్వ ఆ పాల రుణం తీర్చింది. నా వంతు ఎవరూ అడగలేదు. నేనూ పెట్టలేదు.