బెళ్ళందూరు షెడ్లలో నేను పెట్టిన సుద్ద గుర్తు

వానలకు బెళ్ళందూరు మునిగితే మా ఆఫీసు ఇంటి నుంచే పని చేసుకోమంది. అక్కడి రేకుల షెడ్లలో కూలీలకు ఇళ్ళే మునిగాయి. మా చర్చిలో నర్సు సుశీలక్క జ్వరాల సర్వేకు మనుషులు కావాలంటే శనివారం వెళ్ళాను. జ్వరమున్నవాళ్ళ రక్తం ఆమె తీస్తుంది, ఆ ఇంటికి నేను సుద్దతో గుర్తు పెట్టాలి. తలుపు మీద పెట్టమంది. తడి రేకు మీద సుద్ద పడక, నా అతితెలివితో గుమ్మం ముందు ఆరిన బండ మీద పెట్టాను.

ఆదివారం ఉదయం ఏడింటికి అక్క ఫోన్ చేసింది. రక్త పరీక్షలో లక్ష్మి అనే ఆవిడకు ఎలుక జ్వరమని తేలింది, కిడ్నీలు దెబ్బతింటున్నాయి, వెంటనే ఆసుపత్రిలో చేర్చాలి. ఆవిడ ఫోను పలకడం లేదు. ఇల్లు అక్కకూ గుర్తు లేదు. మా ఇల్లున్న వైట్‌ఫీల్డ్ నుంచి ఆటోకు మూడు వందలు, ఆదివారం కాబట్టి నలభై నిమిషాలే. మెయిన్ రోడ్డు మీదే డ్రైవరు ఆపేశాడు.

"ఆడ ఇంకా బురద ఉండాదప్పా, బండి దిగబడతాది."

మిగిలింది నడిచాను. అక్క నాకంటే ముందే వచ్చింది. మొదటి షెడ్ల వరస చూశాను. వరద బురద పోవాలని ఆడవాళ్ళు తెల్లారే బండలు కడిగి ముగ్గులు వేశారు. ఆ వరసలో నా గుర్తులు ఒక్కటీ లేవు. అడిగితే లక్ష్ములు ముగ్గురున్నారు, ముగ్గురూ నిక్షేపంగా ఉన్నారు. వరద తర్వాత కొత్తగా చేరినవాళ్ళ పేర్లు ఎవరికీ తెలియవు. ఒక మనిషి నా వల్ల చచ్చిపోతుందని నిజంగా భయపడ్డాను.

అక్క గుమ్మాల వైపు ఒకసారి చూసింది. "ముగ్గు వెయ్యని ఇల్లు ఏదో చూడు తమ్ముడూ," అంది.

రెండిళ్ళకు తాళాలు. చివరి వరసలో ఒక బండ మీద ఎండిన బురద, దాని మీద నా సుద్ద గీత. తలుపు తోస్తే లక్ష్మి చాప మీద ఉంది. కళ్ళు పచ్చగా ఉన్నాయి.

"లేసే శక్తి లేకపాయనన్నా," అంది సిగ్గుపడుతూ. "వాకిట్లో కసువు కూడా ఊడ్చలేదు."

తొమ్మిదిన్నరకల్లా అంబులెన్సులో ఎక్కించాం. నాలుగో రోజుకు కాస్త తేరుకుందని అక్క చెప్పింది. నాకు మాత్రం ఇప్పటికీ ఒకటే ఆలోచన. ఆ ఉదయం ఆవిడకు చీపురు పట్టే ఓపిక ఉంటే, తన గుర్తు తనే కడిగేసేది. నేను ఆ ఇల్లు దాటుకుని వెళ్ళిపోయేవాణ్ణి.

ఇలాంటి పనికి వెళ్ళేవాళ్ళు పేరుతో పాటు ఎన్నో వరస, ఎన్నో ఇల్లు, పక్కింటివాళ్ళ ఫోను నంబరు పుస్తకంలో రాసుకోండి. గుమ్మం ముందు మాత్రం ఏమీ రాయకండి, అది రోజూ కడిగే చోటు.