నీలవ్వకు ఇచ్చిన బొమ్మల పుస్తకం

మా బడిలో పిల్లలకు బొమ్మల పుస్తకాలు ఎంచే పని గజేందర్ సారుది. పెళ్లిసంబంధం చూసినట్టు చూసేవారు. రోజూ ఆలూర్ నుంచి బండి మీద ఆర్మూర్ వచ్చే ఈ మనిషి నోట్లో నాలుక లేనివాడే గాని, పుస్తకం దగ్గర మాత్రం మహా పెంకి. మంచు కురిసే బొమ్మలుంటే పక్కన పెట్టేవారు. పిల్లకు వేరే గది, అందులో మెత్తటి మంచం ఉంటే అదీ పక్కకే. "మనోళ్లు ఒక్క రూంలనే అందరు పంటరు మేడం. గీ బొమ్మ జూస్తే పొల్ల ఏమనుకోవాలె?" అనేవారు. నేను ఐదో తరగతి పాఠాలు పూర్తికాక చస్తుంటే, ఈయన మేక బొమ్మకు చెవులు సరిగ్గా వేశారా లేదా అని చూస్తూ కూర్చునేవారు. నాకు ఒళ్లు మండేది.

రెండో తరగతి వర్షిత క్లాసులో నోరు విప్పేది కాదు. తండ్రి భూమేష్ దుబాయ్‌లో ఉంటాడు. తల్లి నీలవ్వ పసుపు కొమ్ములు ఏరే కూలికి పోతుంది, చదువు రాదు. ఇంట్లో ఎవరైనా కథ చెబితే పిల్లకు మాటలొస్తాయని సారు ఆశ. అందుకని వెతికి వెతికి అక్షరం ముక్క లేని పుస్తకం ఒకటి ఎంచారు. అన్నీ బొమ్మలే. సంతలో తప్పిపోయిన మేక ఇల్లు వెతుక్కుంటుంది. ఎవరికి తోచినట్టు వాళ్లు కథ చెప్పుకోవచ్చు. పిల్ల సంచిలో పెట్టి, "అమ్మతోని చదివించుకో బిడ్డా" అని పంపారు.

వారం తిరక్కుండానే వర్షిత లేచి నిలబడి కథ చెప్పింది. మేక బస్సు కింద పడబోయిందట, పసుపు బస్తాల వెనక దాక్కుందట, హమాలీలు దానికి చాయ్ తాపించారట. పుస్తకంలో బస్సూ లేదు, బస్తాలూ లేవు. అన్నీ నీలవ్వ అల్లినవే. సారు మొహం చూడాలి ఆ రోజు! నాకే ఏడుపొచ్చింది.

ఆ ఆదివారం భూమేష్ వీడియో కాల్ చేశాడు. బిడ్డకు రోజూ పుస్తకం చదువుతున్నానని నీలవ్వ సంబరంగా పేజీలు తిప్పి చూపించిందట. అతనూ, అతని రూంలో వాళ్లూ పగలబడి నవ్వారట. "అచ్చరమే లేదు, ఏం జదువుతున్నవే?" అన్నాడట. పిల్ల పక్కనే ఉంది.

ఇదంతా సోమవారం పొద్దున నీలవ్వే చెప్పింది, పుస్తకం తెచ్చి టేబుల్ మీద పడేసి.

"చదువు రానోళ్లమని ఉత్త బొమ్మలది అంటగడ్తిరా సారూ? ప్రైవేటు బడిల గిట్లనే ఇస్తరా?"

"గట్ల గాదు చెల్లె. నీ కోసమనే ఏరి తెచ్చిన," అన్నారు సారు.

ఆ మాట అనకుండా ఉండాల్సింది. నీలవ్వ పుస్తకాన్ని సారు వైపు నెట్టింది. "అంటే నాకు రాదని తెలిసే ఇచ్చిండ్రు. చదివించుకో అన్నరని, గిది గూడ చదువుడే అనుకున్న సారూ. బిడ్డ ముంగట నా ఇజ్జత్ పోయింది."

"నువ్వు జెప్పిన కథ నాకు గూడ రాదు చెల్లె, నిజంగ," అన్నారాయన. అది నిజమే. కానీ నీలవ్వ నమ్మలేదు, ఊరికే బుజ్జగిస్తున్నాడనుకుంది. ఆ రోజే టీసీ తీసుకుపోయింది. మంచికి పోతే చెడు ఎదురవడమంటే ఇదే.

సారు ఇప్పుడు పుస్తకాలు ఎంచడం లేదు. చేతికందింది ఇచ్చేస్తున్నారు. ఆయనతో పోట్లాడటానికి కూడా నాకేమీ మిగల్లేదు.

మొన్న నాకూ సారుకూ రోడ్డు మీద ప్రైవేటు బడి బస్సు కోసం నిలబడ్డ వర్షిత కనిపించింది. టై కట్టుకుని ఉంది. అడక్కుండానే ఇంగ్లిష్ రైమ్ ఒకటి గడగడా అప్పజెప్పింది. సారు వంగి, "మేక కథ గూడ జెప్పు బిడ్డా," అన్నారు.

"అది ఉత్తదే సార్. మా అమ్మకు చదువు రాదు," అంది పిల్ల.

పక్కనే బ్యాగు పట్టుకుని నిలబడ్డ నీలవ్వ, "ఔ సారూ, నాకేమొస్తది," అంటూ పిల్లను బస్సెక్కించింది.