దెజిరే గారి దిగ్భ్రాంతులు

దెజిరే బూవ్రే గుండె పట్టుకుని కుర్చీలో కూలబడని రోజంటూ ఫ్రాన్సులోని మొంత్రెవాల్ ఊళ్ళో ఎవరికీ గుర్తులేదు. రొట్టె బల్లమీద బోర్లా పెడితే, అపశకునమని ఆయనకి దిగ్భ్రాంతి. జున్ను కొసంతా ఒక్కడే కోసుకుంటే దిగ్భ్రాంతి. చర్చిగంట ఒక దెబ్బ ఎక్కువ మోగినా దిగ్భ్రాంతే. ముందు కుడిచెయ్యి గుండెమీదికి పోయేది. తర్వాత ఎడమచెయ్యి గాల్లో కుర్చీ కోసం తడుముకునేది. ఆపైన "చచ్చానర్రోయ్!" అని ఒక కేక. ఆ కేకకి జూరా కొండలమీద మేసే ఆవులు తలెత్తి ఊరివైపు చూసి, ఓహో ఆయనేనా అనుకుని మళ్ళీ మేతలో పడేవి.

ఊళ్ళో ప్రతి ఇంట్లోనూ గుమ్మం పక్కన ఒక కుర్చీ ఉండేది. దాన్ని దెజిరే కుర్చీ అనేవారు. దాని పక్కనే ద్రాక్షపిప్పి సారా సీసా. చిన్న గ్లాసుడు సారా గొంతులో పడితేగాని ఆయనకి ప్రాణం తిరిగొచ్చేది కాదు. "ఆ గ్లాసు కోసమే ఈ చావులన్నీ" అని ఊరు ఏకగ్రీవంగా తేల్చేసింది. ఆయన ఖండించేవాడు కాదు. పైగా కళ్ళు మూసుకునే, "పోయినేడాది సారా ఇంతకంటే బాగుండేది" అని గొణిగేవాడు.

రెండో ప్రపంచయుద్ధం ముగిసిన పదేళ్ళకి ఆయన ఇంటికి సొలాంజ్ కోడలుగా వచ్చింది. పొరుగునున్న బర్గండీ ప్రాంతపు పిల్ల. వాళ్ళదీ ద్రాక్షతోటల కుటుంబమే. పెళ్ళివిందులోనే మామగారి ప్రతిభ కళ్ళారా చూసింది. అందరూ సూపు తాగుతుండగా ఆయన లేచి, ఎదుటి బల్లమీద రొట్టె బోర్లా ఉందని కేకపెట్టి, ఆమె మేనమామ ఒళ్ళో కూలిపోయాడు. మరుసటి ఆదివారం చర్చిలో కొత్త ఫాదరు మొదటి ప్రసంగం చేస్తుంటే, కొవ్వొత్తి పక్కకి ఒరిగిందని మళ్ళీ చచ్చిపోయాడు.

"మీ నాన్నకి గుండెజబ్బేమో, డాక్టరుకి చూపించండి" అంది సొలాంజ్ మొగుడితో.

"నాన్నకా?" అని రెమీ నవ్వాడు. "ఆ గుండెని ట్రాక్టరుకి బిగిస్తే కొండెక్కుతుంది."

సొలాంజ్ నమ్మలేదు. పాపం పెద్దాయన, చిన్న చిన్న వాటికే ఇలా అయిపోతుంటే, నిజంగా పెద్ద కష్టం వస్తే తట్టుకోగలడా అని బెంగపెట్టుకుంది. అసలు గొడవకి మూలం ఆ బెంగే.

ఓ ఆదివారం మధ్యాహ్నం అత్తగారు ఎర్నెస్తీన్ పుట్టగొడుగులూ మీగడా వేసి కోడికూర వండింది. దెజిరే పొట్టి సీసా ఒకటి తెచ్చి, పసిబిడ్డని పొత్తిళ్ళలోంచి తీసినట్టు గుడ్డ విప్పి, కోడలి గ్లాసులో పోశాడు. బంగారు రంగులో ఉన్న తెల్ల వైను అది. దాన్ని అక్కడ పసుపు వైను అంటారు. సొలాంజ్ ముక్కు దగ్గర పెట్టుకోగానే అదిరిపడింది. వేయించిన మెంతుల వాసన! నోట్లో పోసుకుంటే ముందు పచ్చి అక్రోటు పైతొక్కలాంటి వగరు, వెనకనుంచి చెంపలు లోపలికి పీకేసే పులుపు. గుటక వేశాక పోతుందనుకుంటే పోదు, నాలుకమీదే కాపురం పెట్టింది.

'దేవుడా, వైను పాడైపోయింది' అనుకుంది సొలాంజ్.

"ఎలా ఉందమ్మాయ్?" అన్నాడు దెజిరే, కళ్ళు మెరిపిస్తూ.

"మావయ్యా... మర్చిపోలేను" అంది ఆమె. అబద్ధం చెప్పలేదు.

చుట్టూ చూసింది. అత్తగారు తాగుతోంది. మొగుడు రెండో గ్లాసు పోయించుకుంటున్నాడు. పాడైన వైనుని పెద్దాయన మనసు నొప్పించకుండా ఎంత ప్రేమగా తాగుతున్నారో అని ఆమెకి కళ్ళు చెమర్చాయి. ఆ ఇంట్లో పుట్టినవాళ్ళకి ఆ వైను గురించి ఎవరూ ఎప్పుడూ చెప్పనక్కర్లేకపోయింది. అందుకే ఆమెకి కూడా ఎవరూ ఏమీ చెప్పలేదు.

డిసెంబరులో తండ్రీ కొడుకులు తీగలు కత్తిరించడానికి తోటకెళ్ళిన ఒకరోజు, ఆమె అటకమీదికి వెళ్ళింది. పీపాలన్నీ అక్కడే ఉన్నాయి. వేలి కణుపుతో ఒకదాన్ని కొట్టింది. డొల్ల. ఇంకోదాన్ని కొట్టింది. అదీ డొల్లే. ఈసారి గుండె పట్టుకోవడం సొలాంజ్ వంతయింది. వాళ్ళ పుట్టింట్లో పీపా వెలితిగా ఉంటే ఇంటికే తలవంపులు. తగ్గిన వైనుని తగ్గినట్టే అంచుదాకా నింపుతుండాలి, గాలి తగిలితే వైను చెడిపోతుందని నడక రాకముందే నేర్పుతారు. ఇక్కడేమో పీపాలు మూడోవంతు ఖాళీ! పెద్దాయన వయసు మీదపడి నింపడం మర్చిపోయాడన్నమాట. ఈ సంగతి తెలిస్తే ఆయన కుర్చీ దాకా కూడా చేరడు.

ఎవరికీ చెప్పకుండా తనే సరిదిద్దేద్దామనుకుంది. అన్నిటికంటే వెలితిగా ఉన్న పీపాని ఏరుకుని, కింద గదిలోంచి కొత్త వైను బకెట్లతో మోసి, గరాటు పెట్టి అంచుదాకా నింపింది. నడుము పడిపోయింది. మనసు మాత్రం తేలికపడింది. మిగతావి రేపనుకుంది.

మర్నాడు పొద్దున్నే దెజిరే పిలిచాడు. "అమ్మాయ్, పద, నీకు మన పీపాల్ని పరిచయం చేస్తాను."

అటకమీద ఆయన మునివేళ్ళమీద నడిచాడు. గొంతు తగ్గించాడు. ఒక పీపా బిరడా తీసి, దీపం పట్టి చూపించాడు. లోపల వైను మీద మీగడకట్టినట్టు తెల్లటి పొర.

"చూశావా? ఈ పొరే మన అన్నదాత. దీన్ని కదపకూడదు, దీనిమీద తుమ్మకూడదు. ఆరేళ్ళ మూడు నెలలపాటు ఒక్క చుక్క కూడా కలపకూడదు. ఎంత ఇంకిపోతే అంత పోనీ అని వదిలెయ్యాలి. కలిపామా, పొర చెదురుతుంది. పసుపు వైను కాస్తా ఉత్త వైనైపోతుంది. మీ వైపు నింపుతారటగా? ఇక్కడ నింపితే హత్యతో సమానం."

సొలాంజ్‌కి చెవుల్లో గంటలు మోగాయి.

"ఇక వీడున్నాడే" అంటూ దెజిరే మూల పీపాని నిమిరాడు. "వీడికి గడువు నిండింది. వచ్చేవారం ద్రాక్షరైతుల సంఘంవాళ్ళు వచ్చి రుచిచూస్తారు. ఈ ఏటికి మన పరువంతా వీడే." అని బిరడా తీశాడు.

అంచుదాకా వైను. పైన ముక్కలు ముక్కలుగా తేలుతున్న పొర.

సొలాంజ్ కళ్ళు మూసుకుంది. కేక కోసం ఎదురుచూసింది. కుర్చీ ఎక్కడుందోనని తడిమింది కూడా. కేక రాలేదు. కళ్ళు తెరిచేసరికి దెజిరే నెమ్మదిగా బిరడా పెట్టేస్తున్నాడు.

"ఊఁ" అన్నాడు. "చలిగా ఉంది. కిందికి పోదాం."

"మావయ్యా, అది నేనే..."

"మెట్లు జారుతున్నాయి, చూసుకుని దిగు."

"కాదు మావయ్యా, నిన్న నేను..."

"చూసుకుని దిగమ్మా" అన్నాడు దెజిరే. ఇంక మాట్లాడనివ్వలేదు.

మధ్యాహ్నం భోజనాల దగ్గర కుక్కకి సూపు పోసి, కుక్క గిన్నెలో ఎముకలు తనే తినబోయాడు. ఎర్నెస్తీన్ అనుమానంగా చూసింది. "ఏమండీ, ఒంట్లో బాగుందా? రెమీ జున్ను కొసంతా కోసేసుకున్నాడు. మీరేమీ అనలేదేం?"

"కోసుకోనీ" అన్నాడు దెజిరే. రెమీ చేతిలో జున్ను జారి కింద పడింది.

వారమంతా సొలాంజ్‌కి కూడు సయించలేదు. వైను పోయినందుకే కాదు. ఆ ఊళ్ళో ఇంకో పద్ధతుంది. ఒక్కసారి నలుగురిలో తప్పు బయటపడితే ఒక మారుపేరు పడిపోతుంది, పడ్డ పేరు తరాలు మారినా పోదు. ఎవరి ముత్తవ్వో ఎప్పుడో పెళ్ళికి అడిగి తెచ్చుకున్న టోపీ పెట్టుకెళితే, ఆ ఇంటివాళ్ళు ఇప్పటికీ అరువుటోపీ వాళ్ళే. ద్రాక్ష తొక్కుతూ తొట్టెలో పడ్డాయన చచ్చి స్వర్గాన ఉన్నా, ఆయన మునిమనవరాలు ఇంకా తొట్టెవాళ్ళ పిల్లే. ఇక తనకి ఏ పేరు పడుతుందో, పుట్టబోయే పిల్లలు దాన్ని ఎన్నాళ్ళు మొయ్యాలో తల్చుకుంటే ఆమెకి ఏడుపొచ్చింది.

సంఘం రానేవచ్చింది. ముందు సంఘం పెద్ద ఉజెబ్ ముక్కు, దాని వెనక ఉజెబ్, ఆయన వెనక సగం ఊరు. జున్నూ అక్రోట్లూ పెడతారు కాబట్టి ఎవరూ మానరు. అటక కిటకిటలాడింది. సొలాంజ్ గోడలో కలిసిపోదామని చూసింది.

ఉజెబ్ వేలితో పీపాని కొట్టాడు. చెవి ఆనించి మళ్ళీ కొట్టాడు. గొట్టం దింపి గ్లాసులోకి తీసి, ముక్కు లోపలికి పెట్టి, వెంటనే బయటికి లాక్కున్నాడు.

"ఒరేయ్ దెజిరే! దీన్నెవరో నింపార్రా!"

అటకంతా ఒక్కసారి ఊపిరి బిగబట్టింది. అరువుటోపీ వాళ్ళావిడ శిలువ గుర్తు వేసుకుంది. అక్రోటు నములుతున్నవాళ్ళు నమలడం మానేశారు. తలలన్నీ మెల్లగా, ఒకదాని వెనక ఒకటి, గోడవైపు తిరగసాగాయి. ఊళ్ళో బర్గండీ మనిషి ఒక్కతే. వెనకనుంచి ఎవరో, "పీపా ముంచిన..." అని పేరు పెట్టబోయారు.

"చచ్చానర్రోయ్!"

అలాంటి కేక ఆ ఊరు అంతకుముందు వినలేదు. పెంకులమీది మంచు జారి వీధిలో పడింది. అటకమీద కుర్చీ లేదు కాబట్టి దెజిరే నేరుగా ఉజెబ్ మీద పడ్డాడు. ఉజెబ్ జున్ను పళ్ళెంలో పడ్డాడు.

"నేనే! నేనే నింపాను!" దెజిరే గుండె బాదుకున్నాడు. "ఎర్నెస్తీన్ పూలకుండీలనుకుని నీళ్ళకి బదులు వైను పోసేశాను! మతి పోయింది, నా మతి పోయిందిరా ఉజెబూ!"

"డిసెంబరులో పూలకుండీలేమిట్రా, అదీ అటకమీద?" జున్నులోంచి అడిగాడు ఉజెబ్.

"అదే కదరా నా బాధ!"

తొట్టెవాళ్ళ పెద్దాయన కిసుక్కున నవ్వాడు. దాంతో అటక ఎగిరిపోయేలా నవ్వులు. సారా తెండి అనేవాళ్ళూ, కాళ్ళు రుద్దండి అనేవాళ్ళూ. గోడవైపు చూసేవాళ్ళు ఒక్కరూ లేరు. మెట్లు దిగేలోపే పేరు పడిపోయింది, పూలకుండీ దెజిరే అని.

వంటింట్లో సొలాంజ్ అత్తగారిని పట్టుకుని ఏడ్చేసింది. "అత్తయ్యా, ఆయన కాదు. నింపింది నేను."

"తెలుసులే" అంది ఎర్నెస్తీన్, సారా గ్లాసులు తుడుస్తూ. "నా కుండీలకి ఈ ముప్పై ఏళ్ళలో ఆయన చుక్కనీళ్ళు పోసిన పాపాన పోలేదు."

"నాకోసం అంత అబద్ధమాడారే!"

"నీకోసమేనా? మీ పెళ్ళిలో రొట్టె చూసి పడిపోయారు కదా, అప్పుడు రొట్టెలకొట్టు జూల్ పళ్ళసెట్టు జారి సూపులో పడింది. నువ్వు చూశావా?"

"లేదే!"

"ఎవరూ చూడలేదు. చర్చిలో ఆ కుర్ర ఫాదరు ప్రసంగం సగంలో మర్చిపోయి చెమటలు కక్కుతున్నాడు. అదీ ఎవరూ చూడలేదు, కొవ్వొత్తి ఒరిగిందిగా మరి. ఆయన కేకెయ్యగానే ఊరంతా ఆయన్ని చూస్తుంది. నేను మాత్రం చూడను. ఎవర్ని చూడనివ్వకుండా అరిచారో వాళ్ళని వెతుకుతాను."

"మరి మీరెప్పుడూ ఆయన్ని అడగలేదా?"

"అడిగితే మానేస్తారేమోనని" అంది ఎర్నెస్తీన్. "అయితే సారా కూడా ఇష్టమేలే. అది వేరే సంగతి."

మర్నాడు ఎర్నెస్తీన్ సంతకెళ్ళింది. దెజిరే పాత పొట్టిసీసా ఒకటి తీసి, ఏమీ జరగనట్టు కోడలికి పోశాడు. సొలాంజ్ ఈసారి తొందరపడలేదు. మెంతుల వాసన వచ్చింది. రానిచ్చింది. వగరు, పులుపు, దాని వెనక ఇంకేదో వెచ్చగా వచ్చి ఛాతీలో కూచుంది. గ్లాసు ముందుకి చాపి ఇంకాస్త పొయ్యమంది. దెజిరే ముఖం వెలిగిపోయింది.

"మావయ్యా, ఒక్క మాట. ఆ రోజు బిరడా తీసినప్పుడు మీకేమీ అనిపించలేదా?"

దెజిరే తలుపు వైపు చూసి గొంతు తగ్గించాడు. "అనిపించకపోవడమేమిటమ్మా! ఆరేళ్ళ వైను! జన్మలో మొదటిసారి నిజంగా చచ్చాను. నిజంగా చచ్చినవాడికి నోరు పెగలదని అప్పుడే తెలిసింది. ఆ రోజు రావాల్సిన కేక ఇంకా ఇక్కడే ఉండిపోయింది." అని గొంతు పట్టుకుని చూపించాడు. "అన్నం కూడా సరిగ్గా దిగడం లేదు."

సొలాంజ్ లేచింది. కుర్చీ తెచ్చి ఆయన వెనకాల వేసింది.

"కానివ్వండి మావయ్యా. ఎవరూ లేరు."

దెజిరే ఊపిరి నిండా పీల్చుకున్నాడు. ఆ కేకకి సీసాలు గల్లుమన్నాయి. ఎదురింటి కిటికీ ధడాలున తెరుచుకుని, అరువుటోపీ వాళ్ళావిడ తల బయటపెట్టింది.

"ఏమైందమ్మా, ఈసారేమిటి?"

"నా తప్పేనండీ" అంది సొలాంజ్, గుండె పట్టుకుని, కళ్ళు పెద్దవి చేసి. "ఉప్పు ఒలకబోశాను."