కాలు ఆనే చోటు

నిన్న సాయంత్రం కూరలు తెస్తానని కొత్తపేట సెంటరుకి వెళ్ళి, కూరల మాట మరిచి మెకానిక్కు షెడ్డు ముందు అరగంట నిలబడిపోయాను. నాకిది కొత్తేమీ కాదు. పాత మోటారుసైకిలు ఎక్కడ కనబడినా దాని ఎడమ పక్కకి వెళ్ళి వంగి చూడకపోతే నాకు కాలు ముందుకి పడదు. పెళ్ళిళ్ళలో, ఆసుపత్రుల దగ్గర, ఆఖరికి చావు ఇళ్ళ ముందు కూడా చూశాను. మా వారికి తల కొట్టేసినట్టయి నన్ను చెయ్యి పట్టి లాక్కుపోయిన సందర్భాలు లేకపోలేదు. నిన్న ఆయన వెంట లేరు గనక తీరిగ్గా చూశాను. ఎవరో ఆసామీ బండి మీద దూరప్రయాణాలు చేస్తాడట. ఫుట్‌రెస్టులు కాస్త కిందకి, కాస్త వెనక్కి జరిపించుకుని, హ్యాండిలు ఎత్తు పెంచుకుని, ఎక్కుతూ దిగుతూ మోకాళ్ళు ఎలా ఉన్నాయో చూసుకుంటున్నాడు. వెనక ఆడవాళ్ళు కాళ్ళు పెట్టుకునే పలకతో పనిలేదని ఊడదీయించి పాత ఇనుములో పడేయించాడు. ఆ చప్పుడు నాకు నచ్చలేదు. వెళ్ళి ఆ పలక తీసి తిరగేసి చూశాను. రేకుది. మళ్ళీ అక్కడే పెట్టేశాను.

“ఏవైనా పోయిందాండీ టీచరుగారూ?” అని మెకానిక్కు మర్యాదగా అడిగాడు. ఏమీ పోలేదని చెప్పి వచ్చేశాను గాని, అది అబద్ధం. నేను వెతుకుతున్నది ఒక పనసచెక్క. అది పోయి పాతికేళ్ళు దాటింది.

నాకు ఉద్యోగం వచ్చేనాటికి పెళ్ళయి రెండేళ్ళు. మా అత్తవారిది కొత్తపేటలోనే వరిచేలూ కొబ్బరితోటలూ ఉన్న ఇల్లు. ఆ ఇంట్లో ఆడవాళ్ళు గుమ్మం దాటి ఉద్యోగానికి వెళ్ళడం నాతోనే మొదలు. బడి ఏమో అమలాపురం దాటాక, సముద్రం వైపు, వేటకెళ్ళే వాళ్ళ ఊళ్ళో ఇచ్చారు. రెండు బస్సులు మారి చేరేసరికి రెండో గంట కొట్టేసేవారు. అందుకని అమలాపురంలో ఆఫీసు ఉన్న మా వారు నన్ను మోటారుసైకిలు మీద బడి దగ్గర దింపి, వెనక్కొచ్చి తమ ఆఫీసుకి వెళ్ళేవారు.

ఆ బండంటే ఆయనకి ప్రాణం. రైతు కొడుకు కదా, ఎడ్లకి గంటలు కట్టి మురిసినట్టు దానికి ఎప్పుడూ ఏదో ఒకటి చేయిస్తూనే ఉండేవారు. మనిషి ఆరడుగులు. తన చేతులకి అందేలా హ్యాండిలు వంపించుకున్నారు, తన కాళ్ళకి సరిపడా ఫుట్‌రెస్టులు జరిపించుకున్నారు, నడుం నొప్పి రాకుండా కొబ్బరిపీచు కూరి సీటు మెత్తగా, ఎత్తుగా చేయించుకున్నారు. వెనక కూర్చునే మనిషికి ఎలా ఉందని ఆయనా అడగలేదు, బాగుచేసిన వాళ్ళూ అడగలేదు. నేను చూస్తే ఆయన భుజం దాకా కూడా రాను. సీటు ఎత్తయ్యేసరికి, పక్కకి తిరిగి కూర్చునే ఆడవాళ్ళ కోసం కంపెనీవాళ్ళు పెట్టిన సన్నటి కమ్మీ నాకు ఎడమకాలి బొటనవేలికి మాత్రమే అందేది. రెండో కాలు గాలిలో వేలాడేది. నడుం ఒక పక్కకి, మొహం ఒక పక్కకి తిప్పుకుని గంటంపావు ప్రయాణం. బడి దగ్గర దిగేసరికి కాళ్ళు నావి కావు. కాసేపు ప్రహరీ గోడ పట్టుకుని నిలబడేదాన్ని. మా టీచరుగారు పడవ దిగినట్టు దిగుతారని పిల్లలు నవ్వుకునేవారు. పడవల సంగతి వాళ్ళకి చెప్పాలా! అటో కాలు, ఇటో కాలు వేసుకుని కూర్చుంటానని ఒకసారి అన్నాను. అలాగైతే బండి తియ్యనన్నట్టు మా వారు స్టాండు వేసి దిగి నిలబడిపోయారు.

ఆరు నెలలు తిరిగేసరికి నడుం పట్టేసింది. అమలాపురంలో డాక్టరుగారు మూడు నెలలు బండి ఎక్కొద్దన్నారు. అప్పటికి నా ఉద్యోగం పర్మనెంటు కాలేదు. మూడు నెలలు ఇంట్లో కూర్చుంటే ఇక ఉద్యోగం మీద ఆశ వదులుకోవడమే. “చేలున్నాయి, చెట్లున్నాయి, మనకేం తక్కువైందమ్మా? మానెయ్యి” అన్నారు మా అత్తగారు. మా వారు గోడమీద పిల్లి. నేను పది రోజులు సెలవు పెట్టి కాలుకాలిన పిల్లిలా ఇంట్లో తిరిగాను. పొద్దున్న ఏడున్నర అయ్యేసరికి బడికెళ్ళే చీర కట్టేసుకుని వీధి గుమ్మంలో నిలబడేదాన్ని. పొయ్యి మీద పాలు పెట్టి పెరట్లోకి, పెరట్లోంచి వీధిలోకి. ఆ ఉద్యోగం పోతే నాకు ఊపిరాడదని భయం వేసేది. నలుగురిలో చెప్పుకోలేను గాని, పిల్లలు పుట్టలేదన్న బెంగ కన్నా ఆ బెంగే నాకు పెద్దది.

ఆ రోజుల్లోనే మా అత్తగారు వాడపల్లి వెంకన్నబాబుకి ఏడు శనివారాలు మొక్కుకుని, వారం వారం వెళ్ళి గుడి చుట్టూ ఏడేసి ప్రదక్షిణలు చేసి వస్తున్నారు. ఇప్పటి జనం అప్పుడు లేరు. దేనికి మొక్కారో నేనడగలేదు. మనవడి కోసమే అయ్యుంటుందని అందరూ అనుకున్నారు, నేనూ అనుకున్నాను. మూడు వారాలు బస్సులో వెళ్ళారు. నాలుగో వారం బస్సు తప్పిపోయింది. మొక్కు మధ్యలో ఆపకూడదు గనక, జన్మలో మొదటిసారి ఆవిడ కొడుకు వెనక మోటారుసైకిలు ఎక్కారు. ఆవిడా నా అంత మనిషే.

తిరిగొచ్చాక బండి దిగి రెండడుగులు వేయబోయి, వేయలేక నా భుజం పట్టుకున్నారు. అరుగు మీద కూర్చోబెట్టి మజ్జిగ ఇస్తే తాగి, “రోజూ ఇలాగే వెళ్ళొస్తన్నావా అమ్మాయ్?” అన్నారు. “ఆయ్” అన్నాను.

ఆ మధ్యాహ్నమే నన్ను స్టాండు వేసిన బండి మీద కూర్చోబెట్టి, ఆవిడ వాకిట్లో నేల మీద కూర్చుని నా పాదం చేతిలోకి తీసుకున్నారు. అత్తగారు కోడలి కాలు పట్టుకోవడమా! చటుక్కున వెనక్కి లాక్కున్నాను. పిక్క మీద ఒక్క దెబ్బ వేశారు. “కదలకు. నిలకడన్నదే లేదు నీకు” అని, సీటు దగ్గర్నుంచి అరికాలి దాకా జానతో కొలుచుకున్నారు. కత్తిపీట ముందు కూర్చున్నా కాలు ఆనితేనే నడుం నిలుస్తుంది, మెత్త వేస్తే కాదురా అని కొడుకుని కేకలేశారు. పుట్టింటి నుంచి తెచ్చుకుని, రోజూ వంటింట్లో వేసుకు కూర్చునే పనసచెక్క పీట వడ్రంగికిచ్చి దగ్గరుండి కోయించారు. రెండు పాదాలూ పట్టేంత వెడల్పు, జోళ్ళు జారకుండా చివర వేలెడు గట్టు. కమ్మీకి జానెడు కిందగా, కాస్త ముందుకి దాన్ని బిగింపించారు. వెనక సీటులో పీచు సగం తీయించేశారు.

నొప్పి ఒక్కరోజులో పోయిందంటే అబద్ధం. పోవడానికి ఏడాది పట్టింది. కానీ సోమవారం బడి దగ్గర బండి దిగి, గోడ పట్టుకోకుండా లోపలికి నడిచాను. పిల్లలు నవ్వడానికి ఏమీ మిగల్లేదు. ఆ చెక్క మీద కాళ్ళు పెట్టుకుని ఎన్నేళ్ళు తిరిగానో! ఉద్యోగం పర్మనెంటయింది, ఇద్దరు పిల్లలు పుట్టారు, వరిచేలు రొయ్యల చెరువులయ్యాయి. చివరికి నాకు కొత్తపేటకే బదిలీ వచ్చింది. బండీ పాతబడింది, ఇక నన్ను దింపే పనీ లేదని దాన్ని మురమళ్ళలో ఒకాయనకి అమ్మేశాం. చెక్క ఊడదీసి ఉంచుకుందామన్న ఆలోచన నాకు రానేలేదు.

బండి వీధి మలుపు తిరిగేదాకా మా అత్తగారు అరుగు మీద నిలబడి చూశారు. ఆ సాయంత్రం చిక్కుడుకాయలు ఈనెలు తీస్తూ, మామూలు కబురు చెప్పినట్టు చెప్పారు. “నువ్వు ఉద్యోగం మానెయ్యాలనే ఆ ఏడువారాలు మొదలెట్టేనమ్మా. నాలుగో వారం ఆ బండెక్కేను. మిగతా మూడు వారాలూ నీ నడుం బాగవ్వాలని తిరిగేను. మొక్కు మజ్జిలో మార్చేసేనని సామి ఏవనుకున్నాడో ఏవో.”

మర్నాడు పొద్దున్నే మా వారిని తీసుకుని మురమళ్ళ పరుగెత్తాను. మా ఇంట్లో ఆడవాళ్ళు ఎక్కరండీ, అందుకని చెక్క తీయించి ఎక్కడో పడేశామండీ అని ఆయన ఎంతో నొచ్చుకుంటూ చెప్పారు. వాళ్ళ దొడ్డంతా వెతికాను. అప్పుడు మొదలైన వెతుకులాట ఇది.

ఇప్పుడు ఆడపిల్లలు తమ బండ్లు తామే నడుపుకుంటున్నారు, రెండు కాళ్ళూ తమకి నచ్చినట్టు పెట్టుకుని. చూస్తే నాకు కడుపు నిండుతుంది. సీటు ఎంత ఎత్తుండాలో, కాలు ఎక్కడ ఆనాలో ఫోనులో చూసి చేయించుకుంటున్నారు. నా మోకాళ్ళకి ఏం చెయ్యాలో కూడా ఫోనులోనే రోజుకొకరు చెబుతారు. వాకిట్లో నేల మీద కూర్చుని నా కాలు కొలిచే మనిషి మాత్రం లేరు. ఆవిడ పోయి కూడా చాలా ఏళ్ళయింది.

ఇప్పుడా చెక్క దొరికితే మాత్రం ఏం చేసుకుంటావని మా వారు పొద్దున్న విసుక్కున్నారు. దొరికితే దాన్ని వంటింట్లో, ఆవిడ కూర్చునే చోట వేసుకుని, ఒక్క పూట కదలకుండా కూర్చుంటాను.