షంషాదక్క లూజు చేసిన డైవింగు సూటు

ఆదోని నుంచి సముద్రం చూడాలంటే రైల్లో ఒక రాత్రంతా కూర్చోవాల. అట్లాంటి ఊర్లో ఉంటా, సముద్రంలో వేసుకునే డ్రెస్సు వల్ల పరువు పోగొట్టుకున్న మనిషి ఒకతె ఉంది. ఆమె నేనే. నా మీద మీకు ఏమన్నా మంచి అభిప్రాయం ఉంటే ఒకసారి కళ్లనిండా చూసుకోండి. ఇది చదివినాక మళ్లీ కనపడదు.

నాలుగేండ్ల కిందటి మాట. నేను ఆదోనిలో ఒక ప్రైవేటు స్కూల్లో లెక్కల టీచరు. పుట్టిల్లు ఎమ్మిగనూరు. మా ఆయన రఘుది పత్తి వ్యాపారం. ఆ ఎండాకాలం సెలవులకు మా స్కూలు టీచర్లం నలుగురం అండమాన్ పోవాలని అనుకున్నాము. ఆడ వీపుకు గాలి సిలిండరు కట్టి సముద్రం అడుగుకు తీసకపోయి చేపలు చూపిస్తారంట. మా నలుగురిలో మునిగేదానికి మొదట చెయ్యెత్తింది నేనే. నీళ్ల భయం పోయేదానికి ఊరి బయట కొత్తగా తెరిచిన ఈతకొలనులో ఆడవాళ్ల బ్యాచిలో కూడా చేరినాను.

సముద్రంలోకి దిగేవాళ్లకు మెడ నుంచి మడమల దాకా రబ్బరు డ్రెస్సు ఒకటి వేస్తారు. వెట్‌సూటు అంటారు. ఆడికి పోతే వాళ్లే ఇస్తారు. మిగతా ముగ్గురూ "సరే" అని ఊరుకున్నారు. నేను ఊరుకునే రకమా? ఫోన్లో వాళ్ల ఫోటోలు చూస్తే ఒక్కో సూటూ మోకాళ్ల దగ్గర తెల్లగా వెలిసిపోయి ఉంది. పైగా ఎవరో వేసుకొని విడిచింది! నేను ఫోటోలు దిగాల, అవి స్కూలు గ్రూపులో పెట్టాల, మా తోడికోడలు చూసి కుళ్లుకోవాల. ఇన్ని పనులు వెలిసిపోయిన సూటుతో ఎట్లయితాయి?

ఆన్‌లైన్లో ఒకటి చూసినాను. నల్లది. రెండు పక్కలా చంక నుంచి మడమ దాకా రాణీ కలరు పట్టీలు. ఆడవాళ్ల కోసమే కత్తిరించిందంట. నడుం దగ్గర సన్నంగా, తుంట్ల దగ్గర వెడల్పుగా. కొలతలు పంపమన్నారు. కొలతలంటే నాకు షంషాదక్క తప్ప ఇంకొకరు లేరు. ఎమ్మిగనూర్లో నా మొదటి పరికిణీ నుంచి పెండ్లి జాకెట్టు దాకా ఆయమ్మ చేతి కుట్టే. బస్సెక్కి పోయి నిలబడితే, మణికట్టు, మెడ, తొడ, పిక్క ఒక్కటీ వదలకుండా టేపు పెట్టి రాసిచ్చింది.

వారానికి సూటు వచ్చింది. ఏప్రిల్ నెల, మిట్టమధ్యాన్నం, ఆదోని ఎండ. అట్లాంటప్పుడు రబ్బరు డ్రెస్సు వేసుకొని చూడాలనే తెలివి దేవుడు అందరికీ ఇవ్వడు.

తలుపేసుకొని అరగంట కుస్తీ పట్టినాను. మోకాళ్ల దాకా వచ్చి ఆగిపోయింది. బయట నుంచి మా అత్త "ఏం నిర్మలా, బీరువా గాని జరుపుతాండావా?" అని అడిగింది. ఇంక దాచి లాభం లేక లోపలికి రమ్మన్నాను. అత్త ఒక పక్క, రఘు ఒక పక్క పట్టుకొని పైకి లాగినారు. మంచం కూడా మాతోపాటు నాలుగడుగులు జరిగింది. ఎట్లనో జిప్పు బొడ్డు దాకా వచ్చింది.

"ఏమే, మోకాలి చిప్పకు పెట్టే దిండ్లు ఎనక పిక్కల మీద ఉండాయి?" అనింది అత్త.

రఘు ఫోన్లో బొమ్మ చూసి, "అమ్మా, జిప్పు వీపుకు రావాలంట. తిరగేసి వేసినాము," అన్నాడు.

మళ్లా విప్పడం, మళ్లా వేయడం. ఆ ముచ్చట వద్దులెండి. చివరకు జిప్పు మెడ దాకా పోయేసరికి నేను ప్రెస్సులో బిగించిన పత్తి బేలు మాదిరి అయినాను. చేతులు రెండూ పక్కలకు లేచి నిలబడినాయి.

"ఊపిరాడడం లేదు. సైజు చిన్నది పంపినారు," అన్నాను.

"వాపసు పంపుదాం," అన్నాడు రఘు.

"పది రోజుల్లో ప్రయాణం. వాపసు పోయి ఇంకొకటి ఎప్పుడొస్తాది? షంషాదక్క దగ్గర లూజు చేపిస్తా."

"రబ్బరును యాడన్నా లూజు చేస్తారా?"

"మీకు పత్తి తెలుసు. గుడ్డల సంగతి నాకు వదిలేయండి."

మరుసటి రోజు ఎమ్మిగనూరు. షంషాదక్క సూటును బల్ల మీద పరిచి, గిల్లి చూసి, సాగదీసి చూసి, వాసన కూడా చూసింది.

"పాపా, ఇది గుడ్డ కాదు. సైకిలు ట్యూబు."

"తెలుసక్కా. రెండు పక్కలా విప్పి, సాగే గుడ్డ వేసి లూజు చెయ్యి."

ఆయమ్మ తను రాసిచ్చిన కాగితం తీసి, సూటుకు టేపు పెట్టింది. "నా కొలతకు ఇది ఒక్క పిసరు కూడా తప్పలేదు. ఈ బొమ్మలో పిల్లను చూడు, ఎట్ల అతుక్కొని ఉందో. ఇది ఇట్లనే ఉండాలేమో పాపా. ఎవరినన్నా అడుగు."

"ఆ పిల్ల మోడలక్కా. ఒక్క ఫోటోకు ఊపిరి బిగబట్టి ఉంటాది. నేను సముద్రంలో ఊపిరి పీల్చాల!"

"నీళ్లు దూరితే?"

"నువ్వు గట్టిగా కుట్టు, యాడ దూరతాయి?"

చూసినారా, నా తెలివి! ముప్పై ఏండ్లుగా మిషను తొక్కే మనిషికి నేను కుట్టు చెప్తాండాను. షంషాదక్క టేపు చుట్టి పక్కన పెట్టింది. కళ్లద్దాలు పైకి జరిపి "నీ ఇష్టం" అనింది. టైలరు నోట్లో నుంచి "నీ ఇష్టం" వచ్చిందంటే ఆడనే ఆగిపోవాల. నేను ఆగలేదు. మెడ నొక్కుతాందని దాన్ని కూడా వెడల్పు చేయమన్నాను. జాకెట్టుకు బోటు నెక్కు పెట్టినట్ల.

మూడో రోజుకు ఇచ్చింది. ఎంత హాయిగా ఉందో ఏం చెప్పేది! రెండు పక్కలా బెత్తెడు రాణీ కలరు గుడ్డ, పడవ మెడ. ఆ సూటు వేసుకొనే బాసింపట్టు వేసి కూర్చొని ఒక ప్లేటు ఉగ్గాని, నాలుగు బజ్జీలు తిన్నాను. "ఇదీ ఫిట్టింగంటే!" అన్నాను. అత్త ఎటూ తేల్చకుండా ఇంకో బజ్జీ వేసింది.

అంతటితో ఊరుకున్నా బాగుండేది. మర్నాడు ఈతకొలనులో అందరికీ చూపించాలనిపించింది. మా బ్యాచిలో నేను కాక పన్నెండు మంది ఆడవాళ్లు. నేర్పించే లలితా మేడం విశాఖపట్నం మనిషి. ఈడికి రాకముందు ఆడ డైవింగు పనే చేసినారు. నేను బట్టలు మార్చుకునే గది నుంచి పెండ్లికూతురు మాదిరి మెల్లగా నడిచొచ్చినాను. అందరూ "అబ్బ!" అన్నారు. మేడం మాత్రం నా మెడ చూసి, పక్కలు చూసి, నోరు తెరిచినారు.

"నిర్మలగారూ, ఆగండాగండి, అది…"

పొగుడుతాండారని అనుకొని దూకేసినాను.

పడవ మెడలో నుంచి నీళ్లు కాలవకు గండి పడినట్ల లోపలికొచ్చినాయి. వీపులో దూరినాయి, కడుపు చుట్టూ తిరిగినాయి, కాళ్లలోకి దిగినాయి. మడమల దగ్గర మాత్రం బిగుతు తగ్గించలేదు కదా, దిగిన నీళ్లు దిగినట్లే నిలబడినాయి. రబ్బరు నన్ను పైకి తేలుస్తాంది, నేను ముందుకు పోలేకపోతాండాను. గిరగిరా తిరుగుతాండాను. ఎట్లనో నిచ్చెన పట్టుకొని ఒక మెట్టు ఎక్కినాను. నడుం కింద నుంచి నా ఒళ్లు నాకే బరువైపోయింది. రెండు కాళ్లూ ఏనుగు కాళ్లయినాయి. ఇంకొక మెట్టెక్కేసరికి రెండు పక్కలా కుట్టుకుట్టుకూ సన్నగా నీళ్లు చిమ్మినాయి. ఓటి నీళ్ల ట్యాంకరు వీధిలోకి వచ్చినట్ల నిలబడినాను. పన్నెండు మందీ నవ్వలేక గట్టు మీద కూర్చుండిపోయినారు.

నేనప్పుడు నవ్వి ఉంటే కథ ఈడికే అయిపోయేది. నాకు కోపం వచ్చింది. కోపం వస్తే ఎవరో ఒకరు కావాల కదా. అందరూ వింటాండగా, ఫోను స్పీకర్లో పెట్టి షంషాదక్కకు చేసినాను.

"ఏం కుట్టినావక్కా! ఇంట్లో కూర్చొని జాకెట్లు కుట్టుకునేదానివి, చేతకాకపోతే చేతకాదని చెప్పాల్సింది! అందరిలో నన్ను నవ్వులపాలు చేస్తివి!"

అవతల మిషను చప్పుడు ఆగిపోయింది.

లలితా మేడం నా చేతిలో ఫోను తీసుకున్నారు. "అమ్మా, నేను ఈత మేడాన్ని మాట్లాడుతున్నాను. ఈ సూటు మొదట ఎలా ఉండేది?"

"ఒంటికి అతుక్కొని ఉండె మేడం. నా కొలతకు సరిగ్గా ఉండె."

"అలాగే ఉండాలమ్మా. ఈ సూటులోకి కాసిని నీళ్లు ఎలాగూ వస్తాయి. ఒంటికి అతుక్కుని ఉంటే ఆ నీళ్లు పలచగా నిలబడి, ఒంటి వేడికి వెచ్చబడతాయి, చలి వేయదు. లూజైతే చన్నీళ్లు వస్తూ పోతూ ఉంటాయి. ఇన్ని కొలతలు ఇంత సరిగ్గా తీసింది మీరేనా?"

"నేనే మేడం."

"మరి ఎందుకు విప్పేశారు?"

షంషాదక్క గొంతు కొంచెం తగ్గింది. "ఇట్లనే ఉండాలేమో, ఎవరినన్నా అడుగు పాపా అని చెప్తి మేడం. టీచరమ్మ కదా, నాకంటే బాగా తెలుసేమో అనుకుంటి."

పన్నెండు మంది నవ్వు అప్పుడు ఆగిపోయింది. అంతసేపు వాళ్లు నవ్వినా నాకు సిగ్గు అనిపించలేదు, ఆ నిశ్శబ్దానికి అనిపించింది. నా కాళ్లలో నుంచి నీళ్లు ఇంకా టపటపా కారతానే ఉండాయి.

ఆ రోజే తడి సూటు సంచిలో వేసుకొని ఎమ్మిగనూరు పోయినాను. నేను వచ్చింది తెలిసినా ఆయమ్మ మిషను మీద నుంచి తలెత్తలేదు. పక్కన ముక్కాలిపీట మీద కూర్చొని, "తప్పయిపోయింది షంషాదక్కా. అంతమందిలో నిన్ను అట్ల అనకూడదు. ఇప్పుడు అదే అంతమందికీ ఫోన్లో చెప్తా, విను," అన్నాను. బ్యాచి గ్రూపులో వాయిస్ పెట్టినాను: 'కొలతలు షంషాదక్కవి, కుట్టు షంషాదక్కది, తెలివితక్కువతనం ఒక్కటే నాది.'

ఆయమ్మ దారం కొరికి, "ఇంకొకసారి పెట్టు, మా కోడలు వినలేదు," అనింది. లోపల నుంచి కోడల్ని పిలిచి మూడుసార్లు వినిపించింది. తర్వాతే నాకు టీ వచ్చింది.

సూటు మళ్లీ బాగు కాలేదు. రబ్బరుకు సూది పోటు పడితే మానదంట. షంషాదక్క దాన్ని ముక్కలు చేసి నీళ్ల సీసాలకు తొడుగులు కుట్టింది. మా బ్యాచి వాళ్లు ఎగబడి తీసుకున్నారు. జాకెట్లు కూడా ఇప్పుడు ఆడనే కుట్టించుకుంటాండారు.

అండమాన్లో నాకు మోకాళ్లు వెలిసిపోయిన సూటే ఇచ్చినారు. బిగుతుగా ఉంది. నోరెత్తలేదు. నీళ్ల కింద పసుపుపచ్చ చేపలు ఒక గుంపు నా చేతి పక్కన నుంచి పోయినాయి. ఆ పది నిమిషాలు నేనేం వేసుకున్నానో నాకే గుర్తు లేదు. ప్రాణం అంత తేలికగా ఉండింది.

తిరిగొచ్చి ఇంట్లో ఫోటోలు చూపించినాను. అందరికీ నల్ల సూట్లు, కండ్లకు అద్దాలు, నోట్లో గొట్టాలు.

"ఇదిగో మా నిర్మల! ఎంత బాగొచ్చిందో!" అని మా అత్త వేలు పెట్టింది. అది మా హిందీ టీచరు.

"కాదమ్మా, నిర్మల ఇది. నడుం చూస్తే తెలియడం లేదా? నా భార్యను నేను గుర్తుపట్టలేనా?" అని రఘు ధైర్యంగా ఇంకొకరి మీద పెట్టినాడు.

అది మమ్మల్ని తీసకపోయిన గైడు. పేరు జోసెఫ్. ముగ్గురు పిల్లల తండ్రి.

కాబట్టి చదివేవాళ్లందరి సాక్షిగా కుడిచెయ్యి చాపి ప్రమాణం చేస్తాండాను: ఈ జన్మలో ఏ బట్టయినా సరే, టైలరు "ఇది ఇట్లనే ఉండాల" అంటే "అట్లనే కానీ అక్కా" అంటాను. ఊపిరాడకపోతే ఊపిరన్నా మానుకుంటాను గాని, లూజు చేయమని మాత్రం అడగను.