వీరభద్రయ్య మగ్గం గుంట

కంకిపాడు వీరభద్రయ్యది గుంటమగ్గం. తూర్పు కిటికీ కింద గోడనానుకుని తవ్విన గుంటలో కాళ్లు పెట్టుకుని నేస్తాడు. ఆ గోడ ఇప్పటికి బెత్తెడు కుంగింది. పగుళ్లలో తెగిన నూలుపోగులు కుక్కి, పైన సున్నం పూసి, గోడ వాలినవైపే తనూ మెడ వంచి, "తిన్నగానే ఉందిగా!" అంటాడు. ఒక ఏడు కృష్ణ వరదది తప్పు, మరో ఏడు పొరుగువాడి బావిది. సిమెంటుకు కంట్రోలు వచ్చిన ఏడు పుల్లయ్య మేస్త్రి వచ్చి చూశాడు.

"పక్కనే గుంట తవ్వి, నూలుకు పెట్టగా మిగిలిన గంజంతా గోడ మొదట్లో పారబోస్తుంటే పునాది నిలుస్తుందా అండీ? గుంట పూడ్చెయ్యాలి."

"గుంట మా తాత తవ్వింది. గోడ నేను కట్టించింది. ముందొచ్చినదాన్ని పొమ్మంటావేం?"

భార్య రావమ్మకు ఒళ్లు మండింది. "ఆ గోడ నీమీద పడితే నీకు వేరే గుంట తవ్వే పని కూడా ఉండదయ్యా!"

వీరభద్రయ్య జడిసి ఒప్పుకున్నాడు. మేస్త్రి గుంట పూడ్చి, పునాది కింద రాళ్లూ గానుగసున్నమూ దట్టించి, పది రోజుల్లో గోడను నిలబెట్టాడు. పదకొండో రోజు రావమ్మ బజారు నుంచి వచ్చేసరికి వీరభద్రయ్య పడమటి కిటికీ కింద గోడ వారన మోకాలిలోతు గోతిలో చెమటలు కక్కుతున్నాడు.

"ఈ కిటికీకి వెలుతురు ఎక్కువే!" అన్నాడు, పలుగు ఆపకుండా.