రత్నమాల కిటికీలోంచి నల్లగొడుగు

నారాయణగూడలో ఒక సినిమా హాలు. అందులో ఆడవాళ్ళ టికెట్ల కిటికీ వెనక ముప్పయ్యేళ్ళు కూర్చున్న మనిషికి గొంతు ఎలా ఉండాలో, రత్నమాలకు అలాగే ఉండేది. అరచెయ్యి పట్టేంత కంతలోంచి, తోసుకుంటున్న వందల మందికి వినపడేలా ‘బాల్కనీ అయిపోయింది’ అని చెప్పాలి కదా. ఆమె ఒకసారి ఇంట్లో తుమ్మితే చిక్కడపల్లి మార్కెట్లో తరాజులు ఊగాయని ఆ వీధిలో ఇప్పటికీ చెబుతారు. చూసినవాళ్ళు లేరు గాని, కాదన్నవాళ్ళూ లేరు.

కౌంటరు మూసి లోపలికి వెళ్ళేసరికి విశ్రాంతి అయిపోయేది కాబట్టి ఆమె చూసిన సినిమాలన్నీ రెండో సగాలే. హీరో ఎవరిని ఎందుకు ప్రేమించాడో తెలియదు, ఎవరిని కొడతాడో మాత్రం తెలుసు. ముగింపు చూడకుండా ఇంటికి వచ్చిన రోజు లేదు. కథ చెప్పేవాడు ఎవడైనా ఆమె కంటికి దొంగలాగే కనిపించేవాడు. ఏదో దాచాడు, చివర్లో దొరుకుతాడు.

ఉద్యోగం అయిపోయాక ఆమెకు మిగిలింది మంగళవారం సాయంత్రాలు. తొంభై నాలుగులో టీవీలో ‘నల్లగొడుగు’ అనే గూఢచారి సీరియల్ వచ్చేది. కెప్టెన్ విజయసింహ తన దగ్గరివాళ్ళలోనే ఉన్న ఒక ద్రోహిని వెతుకుతుంటాడు. ఆ ద్రోహి మొహం ఎప్పుడూ నల్లగొడుగు కిందే. మూడు పోర్షన్ల ఆ ఇంట్లో అప్పటికి టీవీ ఉన్నది రత్నమాలకే. పక్క పోర్షన్ నర్సింహమ్మ, ఆమె మొగుడు పాలమూరు మేస్త్రీ మాసయ్య, మిద్దె మీద గదిలో పరీక్షలకు చదివే కుర్రాళ్ళు అందరూ ఆమె హాల్లోనే కూర్చునేవాళ్ళు. సీరియల్ చూడటానికి కాదు, దాన్ని ఆమె తిడుతుంటే వినటానికి.

“ఇది బెర్లిన్ అంట! ఎనక గోడ మీద పండ్లపొడి ప్రకటన తెలుగుల ఉన్నది, కండ్లు కనవడ్తలేవారా నీకు?”

కెప్టెన్ విమానంలోంచి పడి, మరుసటి వారం బొటనవేలికి కట్టుతో వచ్చాడు.

“ఇమానం మీదికెళ్ళి పడితే ఏలుకు తాకిందా? మా మాసయ్య స్టూలు మీదికెళ్ళి పడి నెలదాక మంచంల ఉండె.”

“నన్నెందుకు గుంజుతవ్ అక్కా మధ్యల?” అన్నాడు మాసయ్య.

“నువ్వు ఇమానంల పోయి పడాల్సిండె. లేచి ఉరుకుతుంటివి.”

పెద్దాఫీసరు మొహం మీది తొడుగు తీస్తే లోపల ఇంకో ఆఫీసరు. అది తీస్తే మరొకడు. “ఉల్లిగడ్డ లెక్క ఒలుస్తున్రు. లోపట ఏముండది, మనకే కండ్లమంట.”

వాకిట్లో ఉన్నది ఒక్కటే నల్లా, నీళ్ళు రోజు విడిచి రోజు. అందుకని వారం తప్పి వారం, సరిగ్గా సీరియల్ వేళకే నల్లా వచ్చేది. ఇంటికొకరు బిందెతో లేవాల్సిందే. అయినా ఎవరికీ కథ తప్పలేదు. రత్నమాల తిట్లు కిటికీలోంచి నల్లా దాకా వచ్చేవి. ఎవడు చచ్చాడో, ఎవడు చావకుండా తిరిగొచ్చాడో బిందె నిండేలోగా తెలిసిపోయేది. అదొక ఉపకారమని ఎవరూ అనుకోలేదు, ఆమె కూడా.

ఉగాది తర్వాత మూడో పోర్షన్‌లో శ్రీరామమూర్తి దిగాడు. బీమా ఆఫీసులో సూపరింటెండెంటు, కాకినాడ నుంచి బదిలీ. రెండు వారాలు ఆమె హాల్లో ఓర్చుకున్నాడు. మూడో వారం నోరు విప్పాడు.

“రత్నమాలగారూ, కాస్త గొంతు తగ్గిస్తారా? ఆ కెప్టెన్ ఏం చెబుతున్నాడో వినాలి.”

“వాడు చెప్పేటిది అబద్ధం సార్. నేను చెప్పేది ఇనుండ్రి.”

“నచ్చకపోతే చూడటం మానెయ్యొచ్చు కదండీ.”

“మానేస్తే తిట్టుడెట్ల?”

“ఇది నలుగురూ కూర్చునే చోటండీ, చేపల బజారు కాదు.”

రత్నమాల నెమ్మదిగా అతని వైపు తిరిగింది. “చేపల బజార్ల మీ అసొంటోళ్ళను ఐసు మీద పెడ్తరు సార్. మీరు గూడ జర చల్లగుండ్రి.”

ఆ ఆదివారమే శ్రీరామమూర్తి ఇంటికి పెద్ద కలర్ టీవీ దిగింది, రిమోటుతో సహా. మాట్లాడకుండా చూసేవాళ్ళెవరైనా రావచ్చని అందరికీ చెప్పాడు. అతని భార్య అటుకుల మిక్చరు పెడుతుందని తెలిశాక కుర్రాళ్ళు ఆగలేదు. నర్సింహమ్మ, మాసయ్య కూడా తల వంచుకుని ఆమె గుమ్మం దాటి వెళ్ళిపోయారు.

రత్నమాల కిటికీ మూసేసింది. ఒక్కతే టీవీ ముందు కూర్చుంది. తిట్టు నోటిదాకా వచ్చి, వినేవాళ్ళు లేక తిరిగి కడుపులోకి పోయింది. ముప్పయ్యేళ్ళు ఆమె కిటికీ ముందు జనం నిలబడ్డారు. ఇప్పుడీ మంగళవారం కూడా పోతే ఆమె మూడు పోర్షన్ల ఇంట్లో ఒక ముసలిది, అంతే. ఆ మాట ఆమెకు తెలుసు. అందుకే శ్రీరామమూర్తి మీద మంట రోజురోజుకూ పెరిగింది.

అవతల శ్రీరామమూర్తి హాల్లో నర్సింహమ్మ బిందె దించి వచ్చి అడిగింది. “సార్, ఆ బోడిగుండాయన మంచోడా, చెడ్డోడా?”

“ఇలాంటివి శ్రద్ధగా చూడాలమ్మా. మధ్యలో లేచి వెళ్తే ఎలా?”

“నీళ్ళు మధ్యలనే ఒస్తయి సార్.”

మర్నాడు ఆమె రత్నమాల గుమ్మం దగ్గరికి వచ్చింది. “అక్కా, నిన్న సొరంగంల ఎవలు సచ్చిండ్రు?”

“మీ సారునడుగు. ఆయనతాన రిమోటున్నది.” తలుపు పడింది.

ఆఖరి భాగం వచ్చింది. గొడుగు కింద ఎవరో ఆ రోజు తేలుతుంది. దోమలగూడ దగ్గర పైపు పగిలి అప్పటికి నాలుగు రోజులుగా చుక్క నీరు లేదు. సీరియల్ సగంలో ఉండగా నల్లా గురగురమంది. శ్రీరామమూర్తి హాలు ఒక్కసారిగా ఖాళీ అయింది. అతను మాత్రం కదల్లేదు. వంటింట్లోంచి భార్య గొంతు వినపడింది. “రేపు ఆ గొడుగు వేసుకుని స్నానం చేస్తారా?”

అతను లుంగీ ఎగ్గట్టి రెండు బకెట్లతో వచ్చి వరసలో నిలబడ్డాడు. మెడ తన గుమ్మం వైపు సాచాడు. తనే పెట్టుకున్న తక్కువ సౌండు తనకే వినపడలేదు.

రత్నమాల కిటికీ తెరిచింది.

“ఓ నర్సింహమ్మా! కెప్టెన్ మెట్లెక్కుతున్నడు. తుపాకిల గుండ్లు ఏసుకునుడు యాది మరిచిండు, అడ్డగాడిద!”

నల్లా దగ్గర అందరూ నోళ్ళు మూశారు. శ్రీరామమూర్తి ఆకాశం చూస్తున్నట్టు నటించాడు. అతని బకెట్ నిండి పొర్లింది.

“గొడుగాయన ఎనక్కి తిరిగిండు. ముడుస్తున్నడు. ఇగ మొహం కనవడ్తది...”

ఆమె అక్కడ ఆగి, అతని వైపే చూస్తూ ఉండిపోయింది.

“ఎవరండీ?” అన్నాడు శ్రీరామమూర్తి సన్నగా.

“ఏంది సార్? ఇనవడ్తలేదు.”

“ఆ గొడుగు మనిషండీ. ఎవరు?”

“జర గట్టిగ! చేపల బజారు కద ఇది.”

“గొడుగు కింద ఎవరండీ రత్నమాలగారూ!” అని అతను అరిచిన అరుపుకు అశోక్‌నగర్ దాకా కుక్కలు లేచాయి. వాకిలంతా పగలబడి నవ్వింది. ఎర్రబడిన ఆ మొహాన్ని ఆమె తనివితీరా చూసుకుని, జవాబు కోసం టీవీ వైపు తిరిగింది.

తెర మీద పేర్లు పైకి పోతున్నాయి.

ముగింపు ఎన్నడూ వదలని మనిషి దీని ముగింపు వదిలేసింది. వాకిట్లో అందరూ బిందెలు చంకనెత్తుకుని కిటికీ వైపే చూస్తున్నారు. తెలియదంటే శ్రీరామమూర్తి నవ్వుతాడు. ఈ జనం మళ్ళీ మిక్చరు దగ్గరికే పోతారు.

“వంటాయన,” అంది.

“ఎవరూ?”

“కెప్టెన్ ఇంట్ల వంటాయన. మొదటి వారం చాయ తెచ్చిచ్చి పోయిండు. మల్ల కనవడ్డడా? ఎందుకు కనవడలే? ఆలోచించుండ్రి.”

అందరూ ఆలోచించారు. నిజమే, మళ్ళీ కనపడలేదు. మాసయ్య నెత్తి కొట్టుకున్నాడు. శ్రీరామమూర్తి గొంతు సవరించుకున్నాడు. “నేను మొదట్నుంచీ అదే అనుకున్నాను. ఆ టీ కప్పు పట్టుకున్న తీరే తేడాగా ఉంది.”

మర్నాడు ఆఫీసులో ఆ మాటే చెప్పి నవ్వులపాలయ్యాడు. సాయంత్రం బ్యాగుతో నేరుగా ఆమె గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు.

“వంటవాడు కాదటండీ. పెద్దాఫీసరట.”

“మీరు మొదట్నుంచి అనుకున్నరు కద సార్?”

అతను బ్యాగు సర్దుకుని వచ్చిన దారినే వెళ్ళిపోయాడు. తనకు తెలిసిన సంగతి వాకిట్లో ఎవరికీ చెప్పలేకపోయాడు. కవాడిగూడలో ఎవరో పెద్దాఫీసరే అన్నందుకు మాసయ్య వాళ్ళతో కొట్లాడి చొక్కా చింపుకుని వచ్చాడు.

తర్వాతి మంగళవారం కొత్త సీరియల్ మొదలైంది. రత్నమాల హాల్లో కాలు పెట్టే చోటు లేదు. శ్రీరామమూర్తి ఆమెతో మళ్ళీ మాట్లాడలేదు, ఆ గుమ్మమూ ఎక్కలేదు. అతని టీవీ అతని హాల్లో నిశ్శబ్దంగా ఆడుతూనే ఉండేది. నల్లా వచ్చే మంగళవారాల్లో మాత్రం, భార్య చెప్పకుండానే బకెట్లు తీసుకుని అందరికంటే ముందు వచ్చి, ఆమె కిటికీ కింద నిలబడేవాడు.